నదిలో పాతిన విషం

1994 అక్టోబరు 20. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం. హ్యూస్టన్ నగరానికి తూర్పున శాన్ జసింటో నది మండుతోంది.

అంతకుముందు కొన్ని రోజులుగా ఒకటే వాన. నది గట్లు దాటింది. ఇసుక కోసం తవ్వి వదిలేసిన గుంతల్లోకి దూకింది. పాత దారి విడిచి కొత్త దారులు కోసుకుంది. ఆ దారుల అడుగున పెట్రోలు పైపులైన్లున్నాయి. మట్టి కొట్టుకుపోయేసరికి అవి ఆధారం లేకుండా వరదకు ఎదురు నిలిచాయి. ఎనిమిది తెగాయి. మరో 29 పైపుల కింద నేల కరిగిపోయింది. 35 వేల బ్యారెళ్లకు పైగా చమురు నీళ్ల మీదికి వచ్చి భగ్గుమంది. పొగకూ సెగకూ 547 మంది గాయపడ్డారు. చాలామందివి చిన్న గాయాలు కావడం వాళ్ల అదృష్టం.

కెమెరాలన్నీ మంటల వైపే తిరిగాయి. ఆ నదికే పడమటి ఒడ్డున, ఐ-10 హైవే వంతెనను ఆనుకుని, అదే వరద కింద ఇంకొకటి ఉంది. అది మండేది కాదు, వాసనతో పట్టుబడేదీ కాదు. అప్పటికి 28 ఏళ్లుగా అక్కడే ఉన్నా, అదేమిటో అడిగినవాళ్లు లేరు.

*

1965. హ్యూస్టన్ పక్కనే ఉన్న పసడీనాలో ఛాంపియన్ పేపర్స్ వారి కాగితం మిల్లు. కలప గుజ్జు పుట్టుకతో గోధుమ రంగులో ఉంటుంది. తెల్ల కాగితం కావాలంటే దాన్ని క్లోరిన్‌తో బ్లీచింగ్ చేయాలి. తెలుపు కాగితానికి పోయింది, మిగిలిన మడ్డి మిల్లుకు బరువైంది. దాన్ని వదిలించే పని ఒక కాంట్రాక్టు సంస్థకు అప్పగించారు.

ఆ సంస్థ నది ఒడ్డున చిత్తడి నేల చూసుకుంది. చుట్టూ మట్టి కట్టలు పోసి గుంటలు చేసింది. మిల్లు నుంచి పెద్ద పెద్ద బార్జ్‌లు మడ్డిని నింపుకుని వచ్చేవి. ఒడ్డుకు చేరగానే గొట్టాలు తగిలించి గుంటల్లోకి తోడేవాళ్లు. ఖాళీ బార్జ్ తిరిగి మిల్లుకు పోయేది. 1966లో ఆ పని ఆగింది. గుంటల పైన గడ్డి మొలిచింది. కాంట్రాక్టు ముగిసింది, కాగితాలు బీరువాల్లోకి వెళ్లాయి.

ఆ మడ్డిలో డయాక్సిన్ ఉంది. క్లోరిన్ బ్లీచింగ్‌లో పుట్టే ఉప ఉత్పత్తి అది. వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకురాల్చే మందును అంత ఘోరంగా మార్చిందీ ఇదే. నీళ్లలో కరగదు, బురదను పట్టుకుని ఉంటుంది. ఆ బురదలో బతికే పురుగును చేప తింటే చేప కొవ్వులోకి, చేపను మనిషి తింటే మనిషి కొవ్వులోకి చేరుతుంది. ఒంట్లోకి వచ్చినదాంట్లో సగం పోవడానికే ఏళ్లు పడుతుంది. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం డయాక్సిన్ల కుటుంబంలోకెల్లా తీవ్రమైన రకాన్ని, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వరుసలో చేర్చింది.

1965లో ఈ సంగతి తెలియదంటే ఒప్పుకుంటాను. కానీ నది నీళ్లు పైకి వస్తాయని తెలియకపోవడమేమిటి? చిత్తడి నేల అంటేనే నది తన అవసరానికి ఉంచుకున్న చోటు. అక్కడ పెట్టిన ఏ వస్తువునైనా అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చి అడుగుతుంది. పటాన్‌చెరు పరిశ్రమల మురుగు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి నడిచిన దారి తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నది ఒక్కటే కాదు, నేల కూడా ఎదురు తిరిగింది. ఫ్యాక్టరీలూ నగరమూ దశాబ్దాల పాటు భూగర్భ జలాన్ని తోడేయడంతో ఆ ప్రాంతమంతా అడుగుల లెక్కన కుంగింది. దగ్గర్లోని బేటౌన్‌లో బ్రౌన్‌వుడ్ అనే కాలనీ నీళ్ల మట్టానికి దిగిపోయింది. 1983లో అలీషియా తుఫాను వచ్చాక జనం దాన్ని వదిలేశారు. ఆ కుంగుడే గుంటల కట్టలనూ కిందికి లాగింది. నది పోటెత్తినప్పుడల్లా నీళ్లు గుంటల మీదుగా పోవడం మొదలైంది. చుట్టుపక్కల ఇసుక తవ్వకాలు మిగిలిన పని పూర్తి చేశాయి.

1990లో టెక్సాస్ ఆరోగ్యశాఖ హెచ్చరిక జారీ చేసింది. హ్యూస్టన్ షిప్ ఛానల్‌లోనూ దిగువ శాన్ జసింటోలోనూ పట్టిన జెల్లలు, నీలి పీతలు తినడంలో జాగ్రత్త అని. కారణం డయాక్సిన్. ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం తేలలేదు. జవాబు వంతెన పక్కనే ఉంది. రోజూ వేల కార్లు దాని పక్కనుంచే పోతున్నాయి.

2005లో గానీ ముడి వీడలేదు. రాష్ట్ర వన్యప్రాణి విభాగం పాత కాగితాలు తిరగేసి, ఇక్కడ మిల్లు మడ్డి గుంటలుండాలి చూడండని పర్యావరణ శాఖకు లేఖ రాసింది. నాలుగు దశాబ్దాలు మూతపడి ఉన్న విషయం అలా ఒక ఉత్తరంతో బయటపడింది. 2008 మార్చిలో కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ ఆ చోటును సూపర్‌ఫండ్ చట్టం కింద శుభ్రం చేయాల్సిన కలుషిత స్థలాల జాబితాలో పెట్టింది. విషం పోసినవాళ్లే శుభ్రం చేసే ఖర్చు భరించాలన్నది ఆ చట్టం మూలసూత్రం. ఛాంపియన్‌ను 2000లో ఇంటర్నేషనల్ పేపర్ కొనేసింది. కాంట్రాక్టు సంస్థ వేస్ట్ మేనేజ్‌మెంట్ గొడుగు కిందికి చేరింది. సంస్థల పేర్లూ యాజమాన్యాలూ మారాయి గానీ గుంటలు మారలేదు.

*

ముందుగా తాత్కాలిక కప్పు వేశారు. గుంటల మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, కొన్నిచోట్ల ప్లాస్టిక్ పొర, అన్నిటి పైన రాళ్లు. 2011కి అది పూర్తయింది. నూరేళ్లకోసారి వచ్చే వరదను తట్టుకుంటుందని లెక్క వేశారు.

దాన్నే శాశ్వతం చేద్దామని కంపెనీలు వాదించాయి. వాళ్ల మాటలో అర్థం లేకపోలేదు. నది మధ్యలో విషపు బురదను కెలికితే అది లేచి దిగువకు పోతుంది, దాని బదులు ఇంకో వరుస రాళ్లు పేర్చి కదలకుండా ఉంచడం మేలన్నారు. ఇంజనీర్లలోనూ ఈ భయం ఉంది. ఒడ్డున ఉండే జనం మాత్రం ఒప్పుకోలేదు. 1994ను కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. భూమిలో పాతిన ఉక్కు పైపులను తెంచిన నది, రాళ్ల వరుసను గౌరవిస్తుందా? తుఫానులు తరచూ వచ్చే తీరంలో కప్పు ఎన్నేళ్లు కాయాలి? డయాక్సిన్ ఆయుష్షుకు సరిపడా కాయగలదా? నా మనసు వాళ్ల వైపే ఉంది.

హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీ కోర్టుకెక్కింది. 2014 నవంబరులో వేస్ట్ మేనేజ్‌మెంట్ పక్షం 2 కోట్ల 92 లక్షల డాలర్లకు రాజీపడింది. ఇంటర్నేషనల్ పేపర్‌ది బాధ్యత కాదని జ్యూరీ తేల్చింది. ఆ నీళ్లలో పీతలూ రొయ్యలూ పట్టి బతికే వియత్నాం మూలాల మత్స్యకారులు కూడా దావా వేశారు. యుద్ధం నుంచి పారిపోయి సముద్రాలు దాటి వచ్చినవాళ్లు, పిల్లలను సాకుతున్న కొత్త నీళ్లలో మళ్లీ డయాక్సిన్ పేరే వినాల్సి వచ్చింది. ఈ కేసులో నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఇదే.

2015 డిసెంబరులో కప్పు తనిఖీకి దిగిన డైవర్లకు ఒకచోట రాళ్లు కనిపించలేదు. తుఫానేదీ రాకుండానే ఆ కప్పుకు చిల్లు పడింది. మరుసటి ఏడాది, తవ్వి తీసేయడమే మార్గమని ఈపీఏ ప్రతిపాదించింది. అభిప్రాయ సేకరణ, అభ్యంతరాలు, సమాధానాలు... కాగితాలు నడుస్తుండగానే 2017 ఆగస్టు వచ్చింది.

హార్వీ తుఫానును హ్యూస్టన్ తెలుగువాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. మేఘం నగరం మీద నిలబడి రోజుల తరబడి కురిసింది. కొన్నిచోట్ల 40 అంగుళాలు దాటింది. ఎగువన లేక్ కాన్రో జలాశయం నుంచి ఎన్నడూ లేనంత నీటిని వదిలారు. ఆ నీరంతా దిగువన గుంటల మీదుగానే పోవాలి.

వరద తీశాక ఈపీఏ డైవర్లు దిగారు. ఆ క్షణాలను ఇలా ఊహించుకోవచ్చు. బురద నీళ్లు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. నమ్మాల్సింది చేతులనే. వేళ్లకు రాయి తగులుతుంది, పక్కన ఇంకో రాయి, ఇంకోటి. ఆ తర్వాత రాయి ఉండాల్సిన చోట చెయ్యి మెత్తగా లోపలికి దిగుతుంది. ఆ మెత్తనిది 1965 నాటి మడ్డి. సీసాలోకి కొంచెం తీసుకుని, మూత బిగించి పైకి వస్తారు.

సెప్టెంబరు 28న ఫలితం ప్రకటించారు. ఈ చోటికి పెట్టుకున్న పరిమితి లక్ష కోట్ల భాగాల మట్టిలో 30 భాగాల డయాక్సిన్. సీసాలోని నమూనాలో 70 వేలకు పైనే. పరిమితికి రెండు వేల మూడు వందల రెట్లు దాటింది.

రెండు వారాలు తిరగకుండానే, అక్టోబరు 11న, ఈపీఏ అధిపతి స్కాట్ ప్రూయిట్ ఆదేశం మీద సంతకం పెట్టారు. దాదాపు 2 లక్షల 12 వేల ఘనపు గజాల విషపు మట్టిని తవ్వి తరలించాలి, అంచనా ఖర్చు 11 కోట్ల 50 లక్షల డాలర్లు. పది ఘనపు గజాల టిప్పర్లకు ఎత్తితే 21 వేల లోడ్ల పైమాట. కంపెనీలు నిరసించాయి, కానీ 2018 ఏప్రిల్‌లో డిజైన్ తయారీకి ఒప్పందం చేసుకున్నాయి.

పని తీరు వింటే సులువుగానే ఉంటుంది. గుంటల చుట్టూ అడ్డుగోడ దింపాలి. లోపలి నీళ్లు తోడి, శుద్ధి చేసి వదలాలి. నేలను వీలైనంత పొడిగా ఉంచి తవ్వాలి. తవ్విన మట్టిని అనుమతి ఉన్న దూరపు డంపింగ్ స్థలానికి పంపాలి. తుఫానుల కాలంలో గుంట తెరిచి ఉంచలేరు కాబట్టి తవ్వకం నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే. అంటే ఏళ్ల తరబడి, ప్రతి వసంతంలోనూ పని సర్ది, మూసి, మళ్లీ తెరవాలి. గోడ ఎంత ఎత్తుండాలి, ఎంత వరదకు ఆగాలి, పక్కనున్న వంతెనకు ముప్పు లేకుండా ఎంత లోతు దిగాలి అన్న లెక్కల మీదే ఏళ్లు గడిచాయి. 2024లో హైవేకు దక్షిణాన ఉన్న గుంటలో తవ్వకం మొదలైంది. ఉత్తరపు గుంటల కోసం కంపెనీలు ఇచ్చిన డిజైన్‌లో తీవ్రమైన లోపాలున్నాయంటూ అదే ఏడాది జనవరిలో ఈపీఏ నోటీసు ఇచ్చింది. హార్వీ విప్పి చూపించింది ఆ ఉత్తరపు గుంటలనే. డిజైన్ మళ్లీ గీయాలన్నా సరే, ఎత్తి తీసేయాలన్న 2017 నిర్ణయం నుంచి ఈపీఏ వెనక్కి తగ్గకూడదు.