క్యాసెట్లలో మన చరిత్ర

మన ఇళ్లలో అటకల మీద, దూలానికి వేలాడే సంచుల్లో పాత క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. వినడానికి టేప్‌రికార్డర్ లేదు కాబట్టి ఎవరూ వాటిని ముట్టరు. పెంకుటిల్లు తీసి స్లాబు వేసే రోజున చెత్తతో పాటు పోతున్నాయి. ఉట్నూరు వైపు టీచరుగా పనిచేసి రిటైరైన మన పెద్దాయన ఒకరు మాత్రం దేన్నీ పారేయలేదు. రెండు ట్రంకు పెట్టెల క్యాసెట్లు, ఒక గోనెసంచి నిండా రికార్డు ప్లేట్లు మా ముందు పెట్టి, "నేనుండగానే వినండి, ఎవరి గొంతు ఏదో చెప్తాను" అన్నారు. మేమంతా ఆయన్ను దాదా అని పిలుస్తాం. వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని మొదలుపెట్టాక తెలిసింది, గుంజాల రాతప్రతులను పక్కన పెడితే, మన గోండు సమాజం తన చరిత్రను తన చేత్తో దాచుకున్నది ఎక్కువగా ఈ క్యాసెట్లలోనే అని. ఆ సంగతి యువతకు చెప్పాలనే ఈ వ్యాసం.

మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. 1908 నాటికి అక్కడే ప్లేట్ల ఫ్యాక్టరీ వచ్చింది. కంపెనీలు పట్నాల్లో అమ్ముడుపోయే పాటలనే ప్లేట్లుగా వేశాయి. అడవిలో పాడే పాటను కొనేవాడెవడు? తర్వాత గ్రియర్సన్ భాషా సర్వే కోసం ప్రభుత్వమే అనేక భాషల గొంతులను ప్లేట్లకు ఎక్కించింది. కానీ అందులో చాలామంది చేత చెప్పించింది బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ. భాషలను పోల్చి చూడటానికి అందరికీ ఒకే కథ ఇచ్చారు. ఎవరి కథ వారిని చెప్పమని ఉంటే ఈ రోజు మనకు ఎంత దొరికేదో.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం మన పరిస్థితిని తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, మన భాష నేర్చుకుని, పర్ధాన్లు చెప్పే కథలు రాసుకున్నారు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద పుస్తకం వేశారు. ఆయన, ఎలిజబెత్ దొర్సాని చేసిన మేలును మార్లవాయి ఈనాటికీ మరచిపోలేదు. కానీ ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు, రాసుకున్న కాగితాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయానికి చేరాయి. మన తాతల ముఖాలు చూడాలంటే లండన్ వెబ్‌సైటు తెరవాలి. ఇది మన ఒక్కరి బాధే కాదు. విదేశీ పరిశోధకులు పట్టుకుపోయిన మన దేశపు సంగీతం కాపీలను వెనక్కి తెప్పించాలని 1982లో ఒక ఆర్కైవ్‌నే పెట్టారు. ఇప్పుడది గురుగ్రామ్‌లో ఉంది.

ఇక దాదా గోనెసంచిలోని ప్లేట్ల సంగతి. అవి ఒకప్పుడు పెళ్లిళ్లకు మైక్‌సెట్టు అద్దెకిచ్చే అతను వ్యాపారం మానేస్తూ అమ్మేసినవి. అట్టల మీద అతని పేరు రంగుతో రాసి ఉంది. లోపల సినిమా పాటలు, భజనలు, ఒకటి రెండు హరికథలు. మన పెళ్లిళ్లలో పేప్రే, డోలు మూగబోయి మైకు మోగడం వీటితోనే మొదలైంది కాబట్టి చరిత్రలో వీటికీ చోటుంది. కానీ ఈ పాటలు ఇంకెక్కడైనా దొరుకుతాయి. అందుకని అట్టలను ఫొటోలు తీసి, పేర్లు రాసుకుని పక్కన పెట్టాం. ఉన్న కాలమంతా క్యాసెట్లకే ఇచ్చాం.

క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది. మన ప్రాంతానికి అది మెల్లగా వచ్చింది. గల్ఫ్‌కు పోయి తిరిగొచ్చినవాళ్లు తెచ్చిన టేప్‌రికార్డర్లు చేతులు మారి గూడేల్లోకి చేరాయి. ప్లేటుకూ క్యాసెట్‌కూ ఉన్న తేడా ఆ ఎర్ర బటన్‌లో ఉంది. ప్లేటు వినడానికే పనికొస్తుంది. క్యాసెట్‌లోకి మనం మాట్లాడవచ్చు. కంపెనీ రానక్కర్లేదు, దొర రానక్కర్లేదు. నాలుగు బ్యాటరీలుంటే చాలు, పెర్సాపేన్ పూజ దగ్గర పర్ధాన్ ముందు పెట్టి నొక్కితే అయిపోయింది.

దాదా అదే చేశారు. సెలవు దొరికితే సైకిల్ మీద వెళ్లేవారు. పెట్టెల్లో కిక్రి వాయిస్తూ పర్ధాన్లు రాత్రంతా చెప్పిన కథలున్నాయి. దీపావళి దండారి పాటలు, ఆడవాళ్లు పాడిన పెళ్లిపాటలు, రాయిసెంటర్ పంచాయితీలో పెద్దల మాటలు ఉన్నాయి. 1986లో ఆదిలాబాద్ ఆకాశవాణి వచ్చాక, రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి ఎక్కించుకున్న గోండీ కార్యక్రమాలున్నాయి. వాటిలో వెనకాల కోళ్లు అరుస్తుంటాయి.

తొంభై నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో వైపు నలభై ఐదు నిమిషాలే. రాత్రంతా సాగే కథకు అది ఏం సరిపోతుంది? టేపు తిప్పే సమయంలో కథ కొంత జారిపోయేది. ఒక క్యాసెట్‌లో మాత్రం కిక్రి ఆగి, పర్ధాన్ గొంతు "తిప్పావా?" అని గోండీలో అడుగుతుంది. తిప్పానని దాదా చెప్పాక, వదిలిన చోటు నుంచే మళ్లీ కథ ఎత్తుకుంటాడు. ఆయన ఎవరి కోసం పాడుతున్నాడో ఆయనకు తెలుసు.

అన్నీ అలా దక్కలేదు. చెరపకుండా ఉండాలంటే క్యాసెట్ వెనక వైపున్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయాలి. అవి విరవని క్యాసెట్ల మీద ఇంట్లోని కుర్రాళ్లు సినిమా పాటలు ఎక్కించేశారు. లింగో కథ నడుస్తుండగా టక్కుమని డిస్కో పాట వస్తుంది. ఆ కుర్రాళ్లలో ఇద్దరు ఈ రోజు మా సంఘంలోనే ఉన్నారు. అది విన్న రోజు వాళ్లు తలెత్తలేదు.

పని ఎలా చేశామో కూడా చెప్పాలి, మీ ఇళ్లలో మీరు చేయవచ్చు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో సుమారు 130 మీటర్ల టేపు ఉంటుంది. దాని మీద తెల్లగా బూజు కనిపిస్తే మెషీన్‌లో పెట్టకండి, ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్‌కు కూడా పాకుతుంది. ముందు రెండు చివరల దాకా ఒకసారి తిప్పి బిగువు సరిచేయాలి. హెడ్‌ను స్పిరిట్ దూదితో తుడవాలి. మంచి డెక్ నుంచి వైరుతో కంప్యూటరులోకి తీసుకోవాలి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే అది పనికిరాదు. ఇక్కడ తొందర కుదరదు, తొంభై నిమిషాల క్యాసెట్‌కు తొంభై నిమిషాలు కూర్చోవాల్సిందే. వేవ్ ఫైలుగా దాస్తే 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ లెక్కన గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. ఎంపీత్రీ ఫోన్‌లో వినడానికి మాత్రమే. అసలు ఫైలు కనీసం రెండు డిస్కుల్లో, రెండు ఊళ్లలో ఉండాలి.

బ్యాటరీ తగ్గినప్పుడు ఎక్కించిన పాటలు మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టాయి. అప్పుడు టేపు నెమ్మదిగా నడిచింది కాబట్టి, ఇప్పుడు సరైన వేగంతో వేస్తే ముసలి పర్ధాన్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా వస్తుంది. వేగం సరిచేసిన కాపీ వేరే చేశాం, అసలుది అలాగే ఉంచాం.

కంప్యూటరు పని కంటే కష్టమైనది పేర్ల పని. సగం క్యాసెట్ల మీద ఏమీ రాసి లేదు. దాదా ఒక్కొక్కటి విని, "ఇది ఇంద్రవెల్లి కాల్పుల తర్వాతి పుష్యమాసంలోది" అనేవారు. అలా 1981 ఏప్రిల్ తర్వాత వచ్చిన మొదటి నాగోబా జాతర రోజులని మేము రాసుకునేవాళ్లం. పాడినవారి పేరు, ఊరు, ఏ సగ, ఏ ఇంటిపేరు వారి కోసం పాడారు అన్నవి రాయకపోతే ఆ ఫైలు గొంతు మాత్రమే, చరిత్ర కాదు. పర్ధాన్ చెప్పే కథ ఆయన్ను పోషించే గోత్రానిది. అందుకే ఆయా కుటుంబాలను అడగకుండా ఏదీ యూట్యూబ్‌లో పెట్టలేదు. ఒక కుటుంబం వద్దంది, ఆ పూజ పాటను బయటపెట్టలేదు. కొన్నాళ్ల క్రితం ఎవరో మన పూజ పాటకు డీజే కలిపి వదిలారు. అది విని ఒక కటోడా మా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మాకు ఆ సంగతి గుర్తుంది.

దాదా కూడా పోల్చలేని గొంతులు కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి పెళ్లిపాట. ఒక బాయి పాడుతోంది, ఇంకో ఇద్దరు అందుకుంటున్నారు. మధ్యలో చంటిపిల్ల ఏడుస్తుంది. పాట ఆపకుండానే ఆమె ఆ పిల్లను పేరు పెట్టి సముదాయిస్తుంది, పేరు మాత్రం సరిగా వినపడదు. క్యాసెట్ మీద పెన్సిల్‌తో "నార్నూర్" అని ఒక్క ముక్క ఉంది. ఆ పిల్ల ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. నార్నూర్ వైపు యువతీయువకులు మీ అమ్మలకు, అత్తలకు, అమ్మమ్మలకు ఈ పాట వినిపించండి. వాళ్లు ఏ పేరు చెప్పినా, తప్పో ఒప్పో చూడకుండా మాకు రాసి పంపండి.