ఊరికి ఇది అవసరమా? కెంట్‌మియర్ పబ్బు లైసెన్సు కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పబ్బు గురించి చెప్తాను. అది మూతపడి నూట ముప్పై ఏళ్లు దాటింది. కానీ దాని మీద నడిచిన కేసుని మన దేశంలో వకీళ్లు ఇవాళ్టికీ కోర్టుల్లో ఎత్తి చూపుతుంటారు.

ముందు ఈ సంగతి నా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. మా పిన్ని కొడుకు ఇంగ్లండులో ఒక చిన్న టౌనులో హోటలు పెట్టుకున్నాడు. బిర్యానీ, దోసె, చేపల పులుసు. బీరు లేకపోతే శనివారాలు కూడా టేబుళ్లు నిండట్లేదని కౌన్సిల్‌లో లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. అక్కడ ఆ వివరాలు లేత నీలం కాగితం మీద రాసి 28 రోజులు హోటలు బయట అంటించాలి. ఆ లోపల ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కౌన్సిల్ లైసెన్సు ఇచ్చి తీరాలి. చెప్తే ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని విచారిస్తారు. పక్క వీధి పెద్దాయన ఒకరు అభ్యంతరం రాశారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. "అన్నా, నువ్వు కూడా రా, నాకు కాళ్లు వణుకుతున్నాయి" అంటే వెళ్లాను.

పెద్ద కోర్టు హాలు ఊహించుకున్నాను. ఒక మీటింగు గది, నీళ్ల జగ్గు, అంతే. పెద్దాయన లేచి, "ఈ వీధిలో ఇప్పటికే నాలుగు చోట్ల మందు దొరుకుతోంది, ఐదోది ఎందుకు?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. ఛైర్మన్ కుర్చీలో ఉన్నావిడ మర్యాదగానే జవాబిచ్చింది. అవసరమా కాదా అన్నది మేం చూడకూడదండీ అంది. నేరాలు గొడవలు, జనం భద్రత, ఇరుగుపొరుగుకి ఇబ్బంది, పిల్లలకి హాని, చట్టం ప్రకారం ఈ నాలుగే చూడాలట. రాత్రి పదిన్నర దాటి అమ్మకూడదని షరతు పెట్టి లైసెన్సు ఇచ్చారు. మావాడు సంబరంగా ఇంటికి ఫోన్లు చేసుకుంటున్నాడు. నాకు మాత్రం పెద్దాయన మొహమే గుర్తుండిపోయింది. ఊరికి అవసరమా అన్న ప్రశ్నని ఎప్పుడు, ఎందుకు తీసేశారు? అది వెతుక్కుంటూ పోతే కెంట్‌మియర్‌లో తేలాను.

కెంట్‌మియర్ ఉత్తర ఇంగ్లండులో, లేక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య ఉంది. అప్పట్లో వెస్ట్‌మోర్లండ్ కౌంటీ. స్టేవ్లీ అనే ఊరి నుంచి కెంట్ నది వెంబడి ఒక దారి లోయలోకి పోయి, అక్కడే ఆగిపోతుంది. అవతల కొండలే. ఆ లోయలో లో బ్రిడ్జ్ ఇన్ అని ఒక పబ్బు ఉండేది. యజమాని పేరు సుసానా షార్ప్.

ఆ రోజుల్లో లైసెన్సులు కౌన్సిల్ చేతిలో లేవు. మేజిస్ట్రేట్లు ఇచ్చేవారు. మేజిస్ట్రేట్లంటే మనం అనుకునే జడ్జీలు కాదు, జీతం లేకుండా పనిచేసే స్థానిక పెద్దమనుషులన్నమాట. (వాళ్ల ఇళ్ల సెల్లార్లలో ఉండే వైనుకి లైసెన్సు అక్కర్లేదు కదా, అది వేరే సంగతి.) ఏడాదికోసారి కూర్చుని పాత లైసెన్సులు రెన్యూ చేసేవారు. తప్పు చేయనంతవరకు రెన్యువల్ వచ్చేస్తుందని వ్యాపారులందరి ధీమా. పబ్బుల్ని కొనడం, అమ్మడం, వాటి మీద అప్పులు తేవడం, అంతా ఆ ధీమా మీదే నడిచేది.

1887లో కెండల్ ప్రాంతపు మేజిస్ట్రేట్లు లో బ్రిడ్జ్ ఇన్‌కి రెన్యువల్ ఇవ్వం అన్నారు. రెండు కారణాలు చెప్పారు. పోలీసులు కన్నేసి ఉంచలేనంత దూరంలో ఉంది. ఆ చుట్టుపక్కల జనం అవసరాలు చూస్తే అక్కడ పబ్బు అక్కర్లేదు. గమనించారా, ఈ రెండిట్లోనూ షార్ప్ నడవడిక గురించి ఒక్క ముక్క లేదు. ఆవిడ తప్పు చేసిందని కాదు, ఆ పబ్బు అక్కడ ఉండటమే తప్పయింది.

ఆవిడ ఊరుకోలేదు. కౌంటీ సెషన్స్‌కి వెళ్లింది, ఓడింది. లండన్ కోర్టుకి వెళ్లింది, అప్పీలు కోర్టుకి వెళ్లింది, అక్కడా ఓడింది. చివరికి 1891 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు. అక్కడా ఓడింది. షార్ప్ వర్సెస్ వేక్‌ఫీల్డ్ అంటే ఇదే. లార్డ్ ఛాన్సలర్ హాల్స్‌బరీ చెప్పింది క్లుప్తంగా ఇది: లైసెన్సు ఒక్క ఏడాదికే ఇస్తారు. కాబట్టి కొత్త దరఖాస్తుకి ఉన్న విచక్షణే రెన్యువల్‌కీ ఉంటుంది. అయితే విచక్షణంటే మనసుకి తోచింది చేయడం కాదు, కారణానికీ చట్టానికీ కట్టుబడి ఉండాలి.

ఈ మాటలో రెండు వైపులున్నాయి. మొదటి సగం వ్యాపారులకి పిడుగు, రెండో సగం అధికారులకి కళ్లెం. అప్పటి జనానికి పిడుగే కనపడింది. పబ్బుల్లో కోట్ల పౌండ్ల పెట్టుబడి పెట్టుకున్న బ్రూవరీలు హడలిపోయాయి. అసలు గొడవ తీర్పుకి ముందే మొదలైంది. 1888లో కౌంటీ కౌన్సిళ్లు పెట్టినప్పుడే లైసెన్సుల అధికారం వాటికి ఇద్దామనుకున్నారు. మూసేసిన పబ్బులకి నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అన్న దగ్గర రగడై, ఆ భాగమే బిల్లులోంచి తీసేశారు. 1890లో ఆర్థికమంత్రి గోషెన్ మందు మీద పన్నేసి, ఆ డబ్బుతో లైసెన్సులు కొనేసి రద్దు చేద్దామన్నాడు. మద్యనిషేధ వాదులే అడ్డం తిరిగారు. పరిహారం ఇస్తే లైసెన్సు ఆస్తి అని ఒప్పుకున్నట్టే కదా అని వాళ్ల వాదన. వసూలైన డబ్బు చివరికి కౌన్సిళ్ల ద్వారా సాంకేతిక విద్యకి పోయింది. దానికి 'విస్కీ డబ్బు' అని పేరు. 1904లో మధ్యేమార్గం దొరికింది. తప్పు లేకుండా లైసెన్సు పోతే పరిహారం ఇస్తారు, కానీ సర్కారు ఖజానాలోంచి కాదు, మిగిలిన పబ్బుల దగ్గర వసూలు చేసి.

1888లో ఆగిపోయిన ఆలోచన 2003 చట్టంతో నెరవేరింది, 2005 నవంబరు నుంచి లైసెన్సులు కౌన్సిళ్ల చేతికొచ్చాయి. తమాషా ఏంటంటే, అదే సమయంలో కెంట్‌మియర్‌ని మూసేసిన 'అవసరం' అన్న కారణం చెల్లకుండా పోయింది. అది మార్కెట్టు తేల్చుకుంటుందన్నారు. ఒక వీధిలో పబ్బులు మరీ ఎక్కువై గొడవలు పెరుగుతున్నాయని చూపించగలిగితే ఆపొచ్చు గానీ, ఉత్తినే "చాలు" అంటే కుదరదు. ఎన్నుకోని దొరల చేతిలో ఉన్న ప్రశ్న, జనం ఎన్నుకున్నవాళ్ల చేతికొచ్చేసరికి మాయమైంది. ఇది నాకు మింగుడుపడదు. అలాగని దొరల చేతికి మళ్లీ ఇవ్వమనలేను, షార్ప్‌కి జరిగింది చూశాం కదా.

మరి మన దగ్గర? హాల్స్‌బరీ మాటల రెండో సగం మన కోర్టులకి బాగా వచ్చింది. విచక్షణ అన్న మాట వస్తే ఈ కేసు వినపడుతుంది. మందు అమ్మడం పౌరుడికి పుట్టుకతో వచ్చిన హక్కు కాదని మన సుప్రీంకోర్టు 1954లోనే, అజ్మీర్ నుంచి వచ్చిన కూవర్జీ భరూచా కేసులో చెప్పింది. కానీ దరఖాస్తు పద్ధతి చూడండి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 షాపులకి దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, తిరిగి ఇవ్వరు. గుణించి చూసుకోండి. తర్వాత లాటరీ. లాటరీ చీటీకి విచక్షణ ఏముంటుంది! గుడికీ బడికీ ఇంత దూరం అన్న నిబంధనలున్నాయి గానీ, నీలం కాగితం లేదు, లేచి నిలబడి ఎందుకని అడిగే మీటింగు గది లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మాత్రం 1996 పెసా చట్టం గ్రామసభకీ పంచాయతీకీ ఆ మాట చెప్పే వీలు కల్పించింది. మిగతా చోట్ల అడగాలంటే రోడ్డెక్కాల్సిందే. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వేలం పాటల్ని అడ్డుకుని అడిగింది ఇదే ప్రశ్న.

కెంట్‌మియర్‌లో ఇప్పటికీ పబ్బు లేదు. కొండలెక్కి దిగినవాళ్లు దాహమేస్తే స్టేవ్లీ దాకా రావాలి. ఆ విస్కీ డబ్బుతో బళ్లు ఎలా నడిచాయో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండీ.