446 బైట్ల గుమ్మం

ఒకే కంప్యూటర్‌లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించగానే మొదటిది తెరుచుకోకుండా పోయే చిక్కుకు మూలం 1983లో, ఐబీఎం సంస్థ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో విడుదల చేసిన పీసీ ఎక్స్‌టీలోనూ, దాని వెంట వచ్చిన పీసీ డాస్ 2.0లోనూ ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా మేలుకొనేది బయోస్, అంటే మదర్‌బోర్డు చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం. అది డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే 512 బైట్ల ముక్కను, మెమరీలోకి తెచ్చి, దాని చివరి రెండు బైట్లలో నిర్ణీతమైన గుర్తు కనిపిస్తే చాలు, లోపల ఏముందో విచారించకుండా పెత్తనం దానికి అప్పగిస్తుంది. మాస్టర్ బూట్ రికార్డ్ అనే ఆ సెక్టార్‌లో 64 బైట్లు డిస్క్ భాగాల పట్టికకు, 2 బైట్లు ఆ గుర్తుకు పోగా ప్రోగ్రాంకు మిగిలేవి 446 బైట్లే.

ఆ పట్టికలో నాలుగు పార్టిషన్లకు చోటిచ్చింది వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒక డిస్క్‌ను పంచుకోవడానికే కావడం గమనించదగినది. నాలుగు గదులు కట్టి గుమ్మం ఒక్కటే పెట్టిన ఇల్లది. ఆ గుమ్మం ఎవరి అధీనంలో ఉండాలో మాత్రం ఎవరూ నిర్ణయించలేదు. అందువల్ల ఆఖరున వచ్చిన సిస్టమ్ పాత కోడ్‌ను చెరిపి తన కోడ్ రాసుకొనేది. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ 95 ఎక్కిస్తే లినక్స్ మాయమైనట్లు కనిపించేది ఇందుకే. నిజానికి ఫైళ్లన్నీ భద్రంగానే ఉండేవి, వాటి దగ్గరకు చేర్చే దారి ఒక్కటే తెగిపోయేది.

సిస్టమ్‌ను మెమరీలోకి తెచ్చి నడిపించే ప్రోగ్రాంను బూట్‌లోడర్ అంటారు. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో 1990లలో లినక్స్‌కు అటువంటి ప్రధాన సాధనం. దానికి ఫైళ్ల అమరికను చదవడం తెలియదు కనుక, సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ డిస్క్‌పై ఏయే చోట్ల ఉందో ముందే రాసిపెట్టుకొనేది. కెర్నెల్ మార్చి, లిలోను మళ్లీ నడపడం మరిచిపోతే పాత చిరునామాలకే వెళ్లి భంగపడేది. ఒక్కో దశ దాటేకొద్దీ తన పేరులోని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలను ఒక్కొక్కటిగా తెరపై చూపడం దాని పద్ధతి కావడంతో, రెండక్షరాల దగ్గర ఆగిపోతే రెండో దశ మెమరీలోకి చేరినా నడవలేదని తెలిసేది. దీనికితోడు డిస్క్‌పై చోటును సూచించే సిలిండర్ సంఖ్యకు బయోస్ 10 బిట్లే కేటాయించినందున 1024 సిలిండర్లకు అవతల ఉన్న కెర్నెల్ దానికి అందేది కాదు; అందుకే అనుభవజ్ఞులు డిస్క్ మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ విడిగా ఉంచేవారు.

ఎరిక్ బోలిన్ 1995లో గ్నూ హర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టిన గ్రబ్ అనే బూట్‌లోడర్ ఫైళ్లను స్వయంగా చదవగలిగింది. ఆ తెలివికి 446 బైట్లు చాలవు కాబట్టి, మొదటి పార్టిషన్‌కు ముందు ఆనవాయితీగా వదిలేసే 62 సెక్టార్ల ఖాళీలో అది మకాం వేసింది. అయితే ఆ ఖాళీ కూడా ఎవరి పేరా లేనిదే కావడంతో, కొన్ని వాణిజ్య సాఫ్ట్‌వేర్లు తమ లైసెన్స్ వివరాలను అక్కడే దాచి గ్రబ్‌ను పాడుచేసిన సందర్భాలున్నాయి.

ఇంటెల్ తన ఇటానియం ప్రాసెసర్ల కోసం రూపొందించిన ఈఎఫ్ఐ, 2005లో ఏర్పడిన ఫోరం చేతుల్లో యూఈఎఫ్ఐగా మారి, ప్రతి సిస్టమ్‌కూ ప్రత్యేక పార్టిషన్‌లో సొంత ఫోల్డర్ ఇచ్చింది. అసలు పరిష్కారం ఇదేనని చెప్పాలి. ఆ తర్వాత వివాదం చోటు గురించి కాక, ఎవరిని నమ్మాలన్నదాని గురించి అయింది. 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోకి వచ్చిన సెక్యూర్ బూట్ డిజిటల్ సంతకం లేని బూట్‌లోడర్‌ను అడ్డుకోవడంతో, లినక్స్ పంపిణీలు మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాంను ముందు నిలిపాయి. లోపాలున్న పాత బూట్‌లోడర్లను నిరోధించేందుకు 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్, లినక్స్ కూడా ఉన్న కంప్యూటర్లను వదిలిపెట్టేలా రూపొందించినదే అయినా, వాటిలో కొన్నింటిని గుర్తించలేకపోయింది. ఫలితంగా లినక్స్ మొదలుకాక, భద్రతా నియమం ఉల్లంఘన జరిగిందన్న సందేశం కనిపించింది. బాధితులు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, కొత్తగా చేరిన ఆ నిషేధ నియమాన్ని తొలగించుకోవలసి వచ్చింది.