ఉప్పు పన్ను – ఆదాయపు పన్ను

రాజ్యము నడచుటకు ధనము కావలెను. ఈ మాటను కాదనువారు లేరు. ఆ ధనము ఎవరినుండి, ఎంతెంత రావలెనన్నప్పుడే తగవు పుట్టుచున్నది. కలవారును, వ్యాపార సంస్థలును తక్కినవారికంటె సంఘమునకు హెచ్చుగా ఋణపడియున్నారా? ఈ ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. ఉప్పుపై పన్నును, ఆదాయముపై పన్నును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ తగవు చరిత్ర మనకు తేటపడును.

ఈ రెండింటి స్వభావము వేరు. గంజిలో కలుపుకొను కూలివానికిని, పంచభక్ష్యములు భుజించు ప్రభువునకును కావలసిన ఉప్పు ఇంచుమించు ఒక్కటే. కావున ఉప్పు పన్ను తలకింతయని పడును. ఆదాయపు పన్ను వచ్చినదానినిబట్టి పడును. మొదటిది చప్పుడు లేక వసూలగును. రెండవది అడిగినంతనే వాదము బయలుదేరును.

1857 నాటి తిరుగుబాటు ముగియునప్పటికి ప్రభుత్వపు అప్పులు పెరిగియుండెను. ఆ లోటు పూడ్చుటకై ‘ఎకానమిస్ట్’ పత్రికా స్థాపకులైన జేమ్స్ విల్సన్ ఆర్థిక సభ్యులుగా కలకత్తాకు వచ్చిరి. 1860 ఫిబ్రవరిలో వారు ఆదాయపు పన్నును ప్రతిపాదించిరి. సాలుకు 200 రూపాయలు మొదలు 500 లోపు ఆదాయముపై నూటికి 2 రూపాయలు, అంతకు మించినచో నూటికి 4 రూపాయలు. వర్తకుడును, ఉద్యోగియు, జమీందారును ఆ చట్టము క్రిందికి వచ్చిరి. ఆ ఆగస్టులోనే విల్సన్ కలకత్తాలో మరణించిరి.

అప్పుడు మన కోస్తా, రాయలసీమ మండలములు చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద నుండెను. అచ్చటి గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్నును బహిరంగముగా ఎదిరించిరి. ఈ దేశ ప్రజలకు ఇట్టి పన్ను అలవాటు లేదనియు, ముందు సైన్యపు ఖర్చులు తగ్గింపవలెననియు వారి వాదము. తమ అభిప్రాయమును పత్రికలకు వెల్లడించినందున వారిని పదవినుండి వెనుకకు పిలిపించిరి. అయితే కొన్ని యేండ్లకు ఆ ట్రెవెల్యనే ఆర్థిక సభ్యులై కలకత్తాకు తిరిగివచ్చిరి. 1865లో ఆదాయపు పన్ను తొలగిపోయినది. ఉప్పు పన్ను మాత్రము నిలిచినది.

1886లో ఆదాయపు పన్ను స్థిరమైన చట్టముగా మరల వచ్చినది. ఈసారి వ్యవసాయాదాయమునకు మినహాయింపు దొరకినది. దీని ఫలితమును మన సర్కారు జిల్లాలలో చూడవచ్చును. విజయనగరము, పిఠాపురము వంటి గొప్ప జమీందారీల పేష్కషు 1802 నాటి శాశ్వత పరిష్కారముతో స్థిరపడియుండెను. భూమినుండి వచ్చు రాబడి పెరిగినను సర్కారునకు చెల్లించు మొత్తము పెరుగదు. సాలుకు 500 రూపాయలు, అనగా నెలకు 42 రూపాయల లోపుగా వచ్చు గుమాస్తా ఆదాయపు పన్ను చెల్లింపవలెను. లక్షల రాబడిగల ప్రభువు తన భూముల రాబడిపై చెల్లింపనక్కరలేదు. భూమి ఇదివరకే సర్కారునకు ఇచ్చుచున్నదిగదా యని సమాధానము. కాని ఆ ఇచ్చునది పెరుగని మొత్తమని చెప్పుట మరచిరి.

రెండేండ్లలో మరల ఖజానాకు కొరత వచ్చినది. 1888లో ఉప్పుపై పన్ను మణుగునకు 2 రూపాయలనుండి రెండున్నరకు పెరిగినది. ఇది మన చెన్నపట్టణపు చిన్న మణుగు కాదు. సుమారు 82 పౌనుల మణుగు. కలవాని భూమిపై వేయుటకు జంకిన చేయి పేదవాని ఉప్పుకుండలో పడినది.

1902లో గోపాలకృష్ణ గోఖలే గారు శాసనసభలో ఈ రెండు పన్నులను గూర్చియు మాటలాడిరి. ఉప్పు పన్ను తగ్గింపుడనియు, స్వల్పాదాయముల వారిని ఆదాయపు పన్నునుండి విడువుడనియు కోరిరి. మరుసటి యేడు ఉప్పు పన్ను ఎనిమిది అణాలు తగ్గినది. వేయి రూపాయల లోపు ఆదాయమునకు పన్ను తొలగినది.

ఆ మేలు కలకాలము నిలువలేదు. 1923లో వైస్రాయి తన ప్రత్యేకాధికారముతో, సభ కాదన్నను, ఉప్పు పన్నును రెట్టింపు చేసిరి. 1930లో గాంధీజీ దండికి నడచినప్పుడు మన తీరమున దేవరంపాడు వంటి శిబిరములలో ఉప్పు వండినవారు ధరించినది ఈ దీర్ఘచరిత్రనే. తుదకు 1947లో ఉప్పు పన్ను రద్దైనది. ఆ యేటి బడ్జెటులోనే లక్ష రూపాయలకు మించిన వ్యాపార లాభములపై నూటికి 25 వంతున ప్రత్యేకపు పన్ను ప్రతిపాదింపబడినది. వర్తక వర్గములనుండి గొప్ప అలజడి పుట్టినది. సభలో దానిని నూటికి పదునారున్నరకు కొంచెము పైగా తగ్గించిరి. ఉప్పు తినువారు దీర్ఘకాలము మోసినదానికి అంతటి ఆలకింపు దొరకలేదు.

స్వాతంత్ర్యానంతరము కథ మరియొక ప్రక్కకు మొగ్గినది. 1953లో మృతుల ఆస్తిపై పన్ను, కేంబ్రిడ్జి ఆచార్యులు కాల్డర్ 1956లో ఇచ్చిన నివేదిక తరువాత 1957లో సంపదపైనను వ్యయముపైనను పన్నులు, 1958లో దానములపై పన్ను వచ్చినవి. 1970ల మొదటి యేండ్లలో 2 లక్షలు దాటిన ఆదాయముపై పన్ను, అదనపు సుంకముతో కలిపి, నూటికి 97.75 వంతులకు చేరినది. ఫలితము? ఇట్టి రేట్లు ఎగవేతకు ప్రోత్సాహమిచ్చుచున్నవని 1971లో వాంఛూ సంఘము తెలిపినది. 1974లో అత్యధికపు రేటు 77కు దిగినది. వ్యయపు పన్ను 1966లోను, మృతుల ఆస్తిపై పన్ను 1985లోను, దానపు పన్ను 1998లోను, సంపద పన్ను 2015లోను తొలగినవి. 2013–14లో దేశమంతట సంపద పన్ను వలన వచ్చినది 1,008 కోట్లు మాత్రమే. కాగితముపై పన్ను వేరు, ఖజానాలో పన్ను వేరు.

కావున కలవారు హెచ్చుగా ఇయ్యనక్కరలేదని తేలునా? తేలదు. కంపెనీలో వాటా కొన్నవాడు ఆ కంపెనీ మునిగినను తన వాటాకు మించి నష్టపడడు. ఈ రక్షణ ఆకాశమునుండి ఊడిపడలేదు. 1857 నాటి చట్టము మన దేశమున దానిని మొదట ప్రసాదించినది. రేవులు, రహదారులు, న్యాయస్థానములు, చదువుకొన్న పనివారు – వీటివలన అందరికిని మేలున్నను, హెచ్చు సరుకు నడపువాడు హెచ్చు మేలు పొందును. 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థలు సగటు లాభములో నూటికి 2 వంతులు సంఘహితమునకు వెచ్చింపవలెనని నిర్ణయించినది. ఇది మంచిదే, కాని దానిని ఎచ్చట వెచ్చింపవలెనో సంస్థయే ఎంచుకొనును. పన్ను అట్లు కాదు. దానిని ప్రజల సభ ఎంచును.

నేడు వస్తుసేవల పన్నులో ఉప్పునకు మినహాయింపు కలదు. కాని ఒకే సబ్బుబిళ్ళను కొన్నప్పుడు కూలివాడును, కోటీశ్వరుడును ఇచ్చు పన్ను ఒక్కటే. వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారము రాష్ట్రములదేయైనను, దానిని కదలించుటకు సాహసించువారు అరుదు. మన చరిత్ర నేర్పునది ఇది: కలవానినుండి తగినంత రాబట్టజాలని రాజ్యము ఆ భారమును తాను మోయదు, మాటలాడలేనివాని నెత్తిన పెట్టును. మోయదగినంత రేటు, తప్పించుకొనరాని వసూలు – ఈ రెండును కలిసినప్పుడే ఋణము తీరును.