జంట సిలిండర్లు (స్కూబా డైవింగ్)

నీటి అడుగున ఈదేవారు వీపున రెండు గాలి సిలిండర్లను జతగా బిగించుకుని వాడే శ్వాస పరికరాన్ని జంట సిలిండర్లు లేదా ట్విన్ ట్యాంకులు అంటారు. ఎక్కువ గాలి మోసుకెళ్లాలన్న అవసరం నుంచి పుట్టిన ఈ అమరిక, ఒక భాగం చెడిపోయినా ప్రాణం నిలిపే రెండో దారిగా ఎదిగింది. వినోదం కోసం డైవింగ్ చేసేవారు దీన్ని ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఈ రెండో ప్రయోజనాన్నే.

తొలి దశ

1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళ అధికారి జాక్ ఈవ్ కూస్తో, ఇంజినీరు ఎమీల్ గన్యాన్ కలిసి, ఈతగాడు పీల్చినప్పుడే గాలిని వదిలే రెగ్యులేటర్‌ను రూపొందించారు. ఆక్వాలంగ్‌గా పేరొందిన ఈ పరికరంతో కూస్తో మొదట్లో చేసిన డైవింగ్‌లలో మూడు సిలిండర్లు వాడాడు. 1950, 60 దశకాల్లో రెండు ఉక్కు సిలిండర్ల జతను చాలామంది వాడారు. అయితే వాటిని కలిపే గొట్టానికి (మానిఫోల్డ్) ఒకే ద్వారం, దానికి ఒకే రెగ్యులేటర్ ఉండేవి. రెగ్యులేటర్ మొరాయిస్తే రెండు సిలిండర్ల నిండా గాలి ఉన్నా పీల్చుకునే వీలుండేది కాదు.

గుహలు నేర్పిన పాఠం

ఈ లోపం ప్రాణాంతకమని నీటి గుహల్లో తేలింది. పైన రాతికప్పు ఉన్నచోట, గాలి అందకపోతే నేరుగా పైకి తేలే అవకాశం లేదు. బహామాస్ దీవుల్లోని నీలిబిలాలనే నీటి గుహలను అన్వేషించిన జార్జ్ బెంజమిన్ పేరుతో 1970 ప్రాంతంలో రెండు ద్వారాల మానిఫోల్డ్ ప్రాచుర్యంలోకి వచ్చింది. దీనికి రెండు రెగ్యులేటర్లు బిగించవచ్చు. ఒకటి చెడితే దాని వాల్వు కట్టేసి, రెండు సిలిండర్ల గాలినీ రెండోదానితో పీల్చుకోవచ్చు. తర్వాత మానిఫోల్డ్ మధ్యలో మరో వాల్వు చేరింది. ఎక్కడైనా గాలి కారిపోతుంటే దాన్ని మూసి సగం గాలినైనా దక్కించుకునే వీలు కలిగింది.

అమెరికా గుహ ఈతగాడు షెక్ ఎక్స్‌లీ 1979లో వెలువరించిన పుస్తకం గుహల్లో జరిగిన మరణాలను విశ్లేషించి భద్రతా సూత్రాలను చెప్పింది. లోపలికి వెళ్లడానికి మూడోవంతు గాలి, తిరిగి రావడానికి మూడోవంతు, ఆపదకు మూడోవంతు అన్న నియమం వాటిలో ముఖ్యమైనది.

తెలుగు జలాల్లో

తెలుగునాట డైవింగ్ చరిత్రకు కేంద్రం విశాఖపట్నం. 1971 డిసెంబరులో ఆ తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని గుర్తించడానికి భారత నౌకాదళ డైవర్లు సముద్రంలోకి దిగారు. హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన డైవింగ్ సహాయక నౌక ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులై 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది.

నదిలో పరిస్థితి వేరు. ఏటూరునాగారం దగ్గర ఇసుకతిన్నెల నడుమ వెడల్పుగా పారే గోదావరి, దిగువన పాపికొండల మధ్య ఇరుకై లోతెక్కుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు అక్కడే మునిగింది. వరద ఉధృతి, బురదనీరు, సుమారు 200 అడుగుల లోతు నౌకాదళ గజ ఈతగాళ్లకు, విపత్తు బృందాలకు పెద్ద అడ్డంకులయ్యాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును వెలికితీసింది. అంత లోతు వినోద డైవింగ్ పరిమితిగా పాటించే 40 మీటర్లను ఎంతో దాటినది. ఏమీ కనిపించని అలాంటి ప్రవాహంలో, సిలిండర్ల సంఖ్య పెంచినంత మాత్రాన భద్రత రాదు.

ఎంపిక

వినోద డైవింగ్‌లో ఎక్కువగా కనిపించే 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌ను 207 బార్ పీడనానికి నింపితే దాదాపు 2,300 లీటర్ల గాలి పడుతుంది. ఉపరితలంలో నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి 30 మీటర్ల లోతున, నాలుగింతల పీడనం వల్ల, 80 లీటర్లు కావాలి. అంటే సిలిండర్ పూర్తిగా ఖాళీ కావడానికి 28 నిమిషాలు పడుతుంది. విరివిగా వాడే వినోద డైవింగ్ పట్టికల్లో ఒకటి ఆ లోతుకు అనుమతించే సమయం 20 నిమిషాలే. ఆపైన ఉంటే ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోవడానికి మధ్యమధ్య ఆగుతూ పైకి రావాలి. గాలి రెట్టింపైనా ఈ హద్దు మారదు. గాలి మిగిలిందని లోపలే ఉండిపోయి, అలా ఆగకుండా పైకి వస్తే కీళ్లనొప్పులు మొదలుకొని పక్షవాతం దాకా ముప్పు ఉంటుంది.

బరువూ లెక్కలోకి తీసుకోవాలి. నిండిన అల్యూమినియం జత 35 కిలోల దాకా తూగుతుంది. బంగాళాఖాతం వంటి వెచ్చని నీటిలో పలుచని సూట్‌తో దిగేవారికి బరువైన ఉక్కు జత ప్రమాదకరం. నీటిలో తేలడానికి వాడే గాలి సంచి చిరిగితే ఈదుకుంటూ పైకి రావడం కష్టం. ఖాళీ అయ్యేకొద్దీ తేలే స్వభావమున్న అల్యూమినియం జత ఇక్కడ మేలు. వీపున మోయలేనివారు సిలిండర్లను చెరో పక్కన తగిలించుకునే సైడ్‌మౌంట్ పద్ధతి అనుసరిస్తారు. రెగ్యులేటర్‌తో కూడిన చిన్న అదనపు సిలిండర్ ఇంకా తేలికైన మార్గం.

జత కొనేవారు మానిఫోల్డ్ మధ్య వాల్వు ఉందో లేదో చూసుకోవాలి. చేతులు వెనక్కి చాచి మూడు వాల్వులనూ స్వయంగా కట్టేయగలగాలి. శిక్షకుడి వద్ద దాన్ని పదేపదే సాధన చేశాకే లోతుకు దిగాలి. ఆ నేర్పు లేనివారికి ఒక్క సిలిండర్, పక్కన నమ్మకమైన తోడు ఉండటమే క్షేమం.