పుట్టుమచ్చ: రెండు శతాబ్దముల వైద్య చరిత్ర

పుట్టుమచ్చకు మన సమాజములో ఉన్న గౌరవము తక్కువది కాదు. సాముద్రికము తెలిసిన పెద్దలు అది ఏ అంగమున ఉన్నదో చూచి భాగ్యము చెప్పేవారు. బడి విడిచిపోయే పిల్లవానికిచ్చే ధ్రువపత్రములో రెండు పుట్టుమచ్చలు వ్రాసేవారు. నా పత్రములో కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి అని ఆనాటి గుమాస్తాగారి దస్తూరితో నేటికీ ఉన్నది. ఆ వ్రాత వెనుక ఒక నమ్మకము ఉన్నది. మనిషి ఎదుగుతాడు, ముఖము మారుతుంది, పేరు సైతము మారవచ్చును. మచ్చ మాత్రము మారదు. అందుకే ఆనవాలుగా దానిని ఎంచుకొన్నారు.

మరి ఆ మారనిదే మారితే? కందిగింజంత మచ్చ పప్పుబద్దంత అయితే, ఒకే రంగుగా ఉన్నది రెండు మూడు రంగులుగా విడిపోతే, గుండ్రని అంచు గండిపడిన గట్టువలె అయితే ఏమి చేయవలెను? చాలమంది ఏమీ చేయరు. నొప్పి లేదు గనుక పట్టించుకోరు. నూరు మచ్చలలో మార్పు కనబడినా, వాటిలో ఎక్కువభాగము హాని లేనివే. కాని ఏదో ఒకటి మెలనోమా అనే రాచపుండు కావచ్చును. చర్మమునకు రంగునిచ్చే కణములలో పుట్టే ఈ వ్యాధి చర్మపు రాచపుండ్లన్నింటిలో మిక్కిలి ప్రమాదకరమైన వాటిలో ఒకటి. దీనిని గుర్తించుటకు వైద్యులు పడిన శ్రమ, గుర్తించే వైద్యుని వద్దకు సామాన్యుడు చేరుటకు పట్టిన కాలము, ఈ రెండింటి చరిత్ర కలిపి చెప్పుకోదగినది.

1787లో లండను నగరములో జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ముప్పదియైదేండ్ల పురుషుని దవడ వెనుక నుండి ఒక గడ్డను కోసి తీసినాడు. అది అంతకుముందు ఒకసారి తీసినా మరల వచ్చిన గడ్డ. లోపల కొంత నల్లగా ఉన్నది. హంటరుకు దాని స్వభావము పూర్తిగా బోధపడలేదు. అయినను ఆయన అలవాటు ప్రకారము దానిని సీసాలో భద్రపరచినాడు. ఆ సీసా ఆయన సంగ్రహముతో పాటు రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్ వారి ప్రదర్శనశాలకు చేరినది. 1941లో లండను మీద జరిగిన బాంబుదాడిలో ఆ ప్రదర్శనశాల చాలవరకు నాశనమైనను ఆ సీసా మిగిలినది. 1968లో సూక్ష్మదర్శినితో పరీక్షించగా అది మెలనోమాయే అని తేలినది. హంటరు సందేహమునకు సమాధానము దొరకుటకు నూట ఎనుబదియొక్క సంవత్సరములు పట్టినది.

పేరు పెట్టినవాడు పారిసు నగరములో వైద్యము నేర్చుకొనుచుండిన లెనెక్. తరువాతి కాలమున స్టెతస్కోపును కనిపెట్టినది ఈయనే. 1804లో చేసిన ఉపన్యాసములో ఈ నల్లని గడ్డలు ఒక ప్రత్యేకమైన వ్యాధి అని చెప్పి, నలుపు అనే అర్థముగల గ్రీకు పదము నుండి దానికి ‘మెలనోస్’ అని పేరు పెట్టినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు.

అయితే మచ్చకూ, ఈ రోగమునకూ ఉన్న బంధుత్వమును గుర్తించిన గౌరవము రాజధానుల పండితులకు దక్కలేదు. ఇంగ్లాండులో స్టౌర్‌బ్రిడ్జ్ అనే చిన్న పట్టణములో సాధారణ వైద్యుడుగా ఉండిన విలియం నోరిస్ 1820లో ఒక రోగి వృత్తాంతమును ప్రకటించినాడు. ఏబదితొమ్మిదేండ్ల ఆ పురుషునికి పొట్ట మీద ఒక మచ్చ ఉండిన చోట గడ్డ మొదలైనది. అతని శరీరము మీద మచ్చలు చాల ఉన్నవి. అతని తండ్రి కూడ ఇటువంటి వ్యాధితోనే మరణించినాడు. మచ్చకు సంబంధము ఉన్నదనియు, కొన్ని కుటుంబములలో ఇది వంశానుగతముగా వచ్చుననియు నోరిస్ ఊహించినాడు. 1857లో ఎనిమిదిమంది రోగుల వృత్తాంతములతో పెద్ద వ్యాసము వ్రాసినాడు. ఆయన చూచినది సత్యము. ఒక్క సవరణ మాత్రము తరువాతివారు చేసినారు. ఈ వ్యాధి చాలసార్లు పాత మచ్చలో గాక, ఏమీ లేని చర్మము మీద కొత్త మచ్చగా మొదలవుతుంది. కనుక మారిన మచ్చతో పాటు, పెద్ద వయస్సులో కొత్తగా వచ్చిన మచ్చను కూడ అనుమానింపవలెను.

1840లో శామ్యూల్ కూపర్ అనే శస్త్రవైద్యుడు ముఖ్యమైన మాట వ్రాసినాడు. ఈ వ్యాధి ముదిరిన తరువాత చేయదగినది ఏమీ లేదనియు, ఏమైనా ఆశ ఉన్నచో అది తొలిదశలో కోసి తీసివేయుటలోనే ఉన్నదనియు దాని సారాంశము. నేటి వైద్యుడు కూడ మొదట చెప్పేది అదే. అనగా చేయవలసినదేమో 1840 నాటికే తెలిసినది. మరి ఆ తరువాత నూరేండ్ల వరకు రోగులు ముదిరిన పుండుతోనే ఎందుకు వచ్చినారు?

మొదటి కారణము భయము. మత్తుమందు ఉపయోగము 1846లో బోస్టను నగరములో బహిరంగముగా నిరూపింపబడినది. క్రిములను చంపే శస్త్రచికిత్సా విధానమును లిస్టర్ ప్రకటించినది 1867లో. అంతకుముందు నొప్పి లేని మచ్చ కొఱకు కత్తికి తల ఒగ్గుమంటే ఎవరు ఒగ్గుతారు? రెండవ కారణము డబ్బు. వైద్యునికి చూపుకొనుటకు రుసుము కావలెను. కడుపునొప్పి వచ్చినవాడు అప్పు చేసియైనా వైద్యుని వద్దకు వెళ్ళును. మచ్చ నల్లబడినవాడు అంత ఖర్చు పెట్టడు. ‘ఇది ఏమీ కాదు’ అనే మాట వినుటకు రూకలు చెల్లించుట పేదవానికి దుబారాగా తోచుట సహజమే. ఈ వ్యాధి విషయములో చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది.

బ్రిటనులో 1911 నాటి జాతీయ భీమా చట్టము కార్మికునికి వైద్యుని చూచుకొనే హక్కును కల్పించినది. కాని అతని భార్యకు, బిడ్డలకు ఆ హక్కు లేదు. ఆసుపత్రి చికిత్స దానిలో చేరలేదు. ఇంటిలో డబ్బు తక్కువైనప్పుడు తన ఒంటి బాధను చివరకు నెట్టుకొనేది ఇల్లాలే అని ఏ దేశములోనైనా వేరుగ చెప్పనక్కరలేదు. ఈ స్థితి మారినది 1948 జూలై 5వ తేదీన. వేల్సు గనికార్మికుల బిడ్డ, ఆరోగ్యమంత్రి అయిన అన్యూరిన్ బెవన్ ఆధ్వర్యమున జాతీయ ఆరోగ్య సేవ ఆనాడు ప్రారంభమైనది. ప్రజలందరూ కుటుంబ వైద్యుని వద్ద తమ పేర్లు నమోదు చేసికొనవచ్చును. ఆయనకు చూపుకొనుటకు రుసుము లేదు. ఆయన అనుమానించినచో ఆసుపత్రిలోని నిపుణునికి ఉత్తరము వ్రాస్తాడు. అక్కడను రుసుము లేదు. ఖర్చు పన్నుల రూపమున దేశము భరించును. 1952లో మందుల చీటీకి స్వల్పముగా రుసుము పెట్టినప్పటికీ, వైద్యుని దర్శనము ఉచితముగానే నిలిచినది. ‘ఏమీ కాదు’ అనే మాటకు ఆనాటి నుండి అక్కడ వెల లేదు.

తలుపు తెరచిన తరువాత, ఎంత త్వరగా రావలెనో చెప్పే శాస్త్రము కూడ వృద్ధి పొందినది. 1956లో ఆస్ట్రేలియాలో హెన్రీ లాంకాస్టర్ అనే గణాంకవేత్త మరణముల లెక్కలు పరిశీలించి, తెల్లని చర్మము గల జనులలో భూమధ్యరేఖకు దగ్గరగా పోయినకొలది ఈ వ్యాధి మరణములు పెరుగుచున్నవని చూపినాడు. ఎండకూ ఈ వ్యాధికీ గల సంబంధము దానితో స్ఫుటమైనది. 1970లో అమెరికాలో అలెగ్జాండర్ బ్రెస్లో గడ్డ మందమును మిల్లీమీటర్లలో కొలిచినాడు. ఆయన పరిశీలించిన రోగులలో 0.76 మిల్లీమీటరు కంటె పలుచగా ఉన్నప్పుడే తీయించుకొన్నవారిలో ఎవరికీ వ్యాధి తిరిగి రాలేదు. వెడల్పు కాదు, లోతు ముఖ్యమన్నమాట. ఒక మిల్లీమీటరు అనగా ఎంత? గోరంచు మందమునకు కొంచెము ఎక్కువ. ఆలస్యము చేసిన నెలలు ఆ కొలతలోనికి దిగిపోవును.

1985లో ఇరువైపుల నుండి ప్రయత్నములు మొదలైనవి. న్యూయార్కు వైద్యులు సామాన్యునికి జ్ఞాపకముండే లక్షణములు కూర్చినారు. మచ్చ రెండు సగములు ఒకదానికొకటి పోలకుండుట, అంచు ఎగుడుదిగుడుగా ఉండుట, రంగు ఒకటిగా లేకుండుట, వ్యాసము ఆరు మిల్లీమీటర్లు మించుట, ఇవి నాలుగు. కాలక్రమమున మార్పు చెందుట అనే అయిదవదానిని 2004లో చేర్చినారు. అదే 1985లో స్కాట్లండులోని గ్లాస్గోలో రోనా మెకై అనే చర్మవైద్యురాలు ఏడు లక్షణముల పట్టిక తయారుచేసి, పశ్చిమ స్కాట్లండు ప్రజలలో ప్రచారము నడిపించినారు. ఫలితము రెండు విధములుగా వచ్చినది. ఒకవైపు అనుమానముతో వచ్చినవారితో ఆసుపత్రులు నిండినవి. వారిలో ఎక్కువమంది మచ్చలు నిరపాయమైనవే. మరొకవైపు, దొరికిన మెలనోమాలలో పలుచనివాటి పాలు పెరిగినది. అనగా ముదరకముందే వచ్చినారు. నిరపాయమైన మచ్చలవారిని వృథాగా వచ్చినవారని అనుటకు వీలులేదు. ముత్యమున్న చిప్ప ఏదో తెలియవలెనంటే చిప్పలన్నింటిని తెరువవలసినదే.

జనము పెరిగితే నిరీక్షణ పెరుగును. రుసుము లేని చోట వరుస పొడుగగును; ఉచితసేవకు ఉన్న నిజమైన లోపము ఇదే. దీనికి విరుగుడుగా ఇంగ్లాండులో 2000 నాటికి, రాచపుండు అని అనుమానముతో కుటుంబ వైద్యుడు పంపిన రోగిని రెండు వారములలో నిపుణుడు చూడవలెనని నియమము విధించినారు. 2023 అక్టోబరులో ఆ నియమమును తొలగించి, ఇరువది యెనిమిది దినములలో ఉన్నదో లేదో రోగికి తేల్చి చెప్పవలెననే కొలతను ఉంచినారు. చూచుట మాత్రమే చాలదు, చెప్పుట ముఖ్యమని దీని భావము. ఈ గడువు అన్నిచోట్ల, అన్నివేళల నెరవేరుచున్నదని అనలేము. అయినను గడువు అనేది వ్రాతలో ఉన్నప్పుడే అది తప్పినదని అడుగుటకు ప్రజలకు ఆధారము ఉండును.

పరీక్ష అంటే భయపడవలసినది ఏమీ లేదు. నిపుణుడు డెర్మోస్కోపు అనే చేతిపరికరముతో మచ్చను సుమారు పదింతలు పెద్దదిగా చూచును. అనుమానము మిగిలితే ఆ చోట మాత్రమే మొద్దుబారేటట్లు సూదిమందు ఇచ్చి, మచ్చను చుట్టూ సన్నని అంచుతో పూర్తిగా తీసి, కుట్లు వేసి, సూక్ష్మదర్శిని పరీక్షకు పంపును. రోగి ఆనాడే ఇంటికి పోవచ్చును. మెలనోమా అని తేలితే ఇంకొంచెము వెడల్పుగా మరల తీసెదరు. పలుచనిదైతే చాలమందికి చికిత్స అంతటితో సరి.

ఇది తెల్లవారి జబ్బు, మనకెందుకు అని అనుకొనరాదు. నల్లని, చామనచాయ చర్మము గలవారిలో ఇది అరుదు అన్నమాట నిజమే. కాని వచ్చినప్పుడు ఎండ తగలని చోట్ల, అరికాలిలో, అరచేతిలో, గోటిక్రింద తరచుగా వచ్చును. ఈ రకమును 1976లో రిచర్డ్ రీడ్ ప్రత్యేకముగా వర్ణించినాడు. జమైకా దేశపు గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవ్రేలి గోటిక్రింద 1977లో బయటపడినది ఇదే. బంతియాటలో తగిలిన దెబ్బ అని మొదట అనుకొన్నారు. 1981లో ఆయన ముప్పదియారవ యేట మరణించినాడు. మన పొలములలో చెప్పులు లేకుండ నడిచేవారి అరికాలి మచ్చను ముల్లు విరిగినదనియో, ఆనెకాయ అనియో తీసివేయుట ఎంత సులభమో ఊహింపవచ్చును.

బ్రిటనులో ఆరోగ్య సేవకు రూపకల్పన జరుగుచున్న కాలముననే మన దేశములో కూడ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఒక సంఘము ఏర్పడినది. డబ్బు లేదన్న కారణమున ఎవరికీ వైద్యము అందకపోరాదని ఆ సంఘము 1946లో నివేదించినది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు మూలము ఆ నివేదికయే. హైదరాబాదులో మెహ్దీ నవాజ్ జంగ్ పేరిట 1955లో వెలసిన రాచపుండ్ల ఆసుపత్రి నేటికీ ప్రభుత్వ ఆసుపత్రిగా సేవ చేయుచున్నది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల ఖర్చు నుండి పేదలను ఆదుకొన్నది. ఇవి గొప్ప పనులే. కాని రోగము తేలిన తరువాతి ఖర్చు వేరు, తేలకముందు చూపుకొనే అలవాటు వేరు. ఒకనాటి కూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జి పెట్టుకొని, నొప్పి లేని మచ్చను చూపుటకు పల్లె నుండి పట్నము వచ్చే ఇల్లాలు ఎందరు? 1840లో కూపర్ వ్రాసిన మాట ఆమెకు ఇంకను పూర్తిగా అందలేదు.

తలంటి పోసేటప్పుడు పిల్లల ఒళ్ళు మనము ఎట్లాగు చూస్తాము. పెద్దవారి వీపు, అరికాళ్ళు, గోళ్ళు కూడ నెలకొకసారి చూచుట కష్టమైన పని కాదు. మారిన మచ్చ, మానని మచ్చ, రక్తము చిమ్మిన మచ్చ, గోటిలో నల్లగా దిగి వెడల్పగుచున్న గీత కనబడినచో దగ్గరి ప్రభుత్వ వైద్యునికి చూపవలెను. ఏమీ కాదన్న మాట విని తిరిగి వచ్చినను ఆ ప్రయాణము వృథా కాదు. సున్నముతో గాని, కారముతో గాని, బజారులో అమ్మే ద్రావకముతో గాని దానిని ఇంటిలో కాల్చివేయరాదు. పైమచ్చ పోయినను లోపలి వేరు పోదు, పరీక్షకు ఆధారమును కూడ మనమే చెరిపివేసిన వారమగుదుము.

హంటరు సీసాలోని గడ్డ ఎవరిదో, అతని పేరేమో చరిత్రకు అక్కరలేకపోయినది. అతడు ఆ మచ్చను ఎన్నడు మొదట చూచినాడో, ఎవరికి చూపినాడో, లేక ఎవరికీ చూపలేదో తెలియదు. మన ఇంటి మచ్చ సంగతి మాత్రము మనకు తెలిసియుండవలెను. ధ్రువపత్రములో గుమాస్తాగారు వ్రాసిన ఆ రెండు మచ్చలను మొన్న నేను అద్దములో చూచుకొన్నాను. అవి వ్రాసినట్లే ఉన్నవి.