సవర బాలల ఒంట్ల పుస్తకము

కొరాపుట్ సీమ పూర్వము మదరాసు రాజధానిలో విశాఖపట్టణపు ఏజెన్సీ భాగముగా నుండెను. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా అది అందు చేరినది. 1992లో దానినుండి రాయగడ ప్రత్యేక మండలమైనది. అందలి గుణుపురపు కొండలును, వానిని ఆనుకొనిన పర్లాకిమిడి కొండలును సవరలకు నెలవులు. ఈ జాతి బాలునకు ఒంట్లు నేర్పు పుస్తకము కూర్పబూనిన వారికి మొదటి పుటలలోనే ఒక చిక్కు ఎదురగును.

తెలుగువారి లెక్క పదులపై నడచును. సవరల లెక్క పన్నెండు మీదను, ఇరువది మీదను నడచును. పన్నెండు ‘మిగ్గల్’. పదమూడు ‘మిగ్గల్‌బొయ్’, అనగా పన్నెండు మీద ఒకటి. పందొమ్మిది పన్నెండు మీద ఏడు. ఇరువది దాటిన పిదప మరల ఇదే వరుస. ముప్పదిమూడనవలెనన్న ఇరువది, పన్నెండు, ఒకటి అందురు. తొంబదిమూడనగా నాలుగిరువదులు, పన్నెండు, ఒకటి. ఇది కొరత కాదు, చక్కని కట్టుబాటు గల లెక్కయే. కాని పలకమీద బాలుడు చూచునది రెండు మూళ్లు, నోట పలుకునది మూడు సంఖ్యల కూడిక. పది జంతువుల బొమ్మలతో ముగియు పుస్తకము వాని నోటిలెక్కను సగములోనే విడిచిపెట్టును. పన్నెండవ పుట అవశ్యము.

సవర భాషను బడికి తెచ్చిన మొదటివారిలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఆ భాషను పట్టుదలతో నేర్చి, సవర బాలురకు స్వంత వ్యయముతో బడి నడపి, వాచకములను రచించిరి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడెను. వ్యావహారికోద్యమ నాయకులుగా ఎరిగినంతగా వారి నీ కృషివలన తెలుగువా రెరుగకపోవుట విచారకరము.

1936లో మంగేయి గొమాంగో సవరకు ‘సొరా సొంపెంగ్’ అను లిపిని కల్పించెను. దానికి స్వంత అంకెలు గలవు. అవియు సున్న మొదలు తొమ్మిది వరకే. ఈ శతాబ్దారంభమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర వాచకములను తెలుగు లిపిలో వేయించెను. 2006–07లో ఒడిశా ప్రభుత్వము మాతృభాషా బోధనకు ఎన్నుకొనిన పది గిరిజన భాషలలో సవరయు ఒకటి. ఇట్లు ఒకే నోటిలెక్కకు పలు లిపుల దుస్తులు.

ఇక బొమ్మల మాట. సవరల ఇండ్లలో ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో ఏనుగులు, లేళ్లు, నెమళ్లు, కోతులు వ్రాయుదురు. వెరియర్ ఎల్విన్ 1951లో తన గిరిజన కళా గ్రంథమున వీనిని వర్ణించెను. వానిలో విమానములు, సైకిళ్లు కూడ నుండుట ఆయన గమనించినదే. ఆ బొమ్మ అలంకారము కాదు. పితరులకో, దేవతకో కట్టి యిచ్చిన ఇల్లు. అందలి ఏనుగు వారి వాహనము. దానిని గోడనుండి విడదీసి అంకె ప్రక్క నిలుపుటకు ముందు ఆ యింటివారి అనుమతి పొందుట కూర్పరికి ధర్మము. ‘మిగ్గల్’ ఎదుట పండ్రెండు నెమళ్లు ఏ తీరున నిలువవలెనో వారికే తెలియును.